ఈసీయూ రీమ్యాప్ చేయించాను: థ్రాటిల్ మొదటి రెండు మిల్లీమీటర్ల కోసం ఏడు వారాలు

ఇంజిన్‌కి ఎప్పుడెంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో చూసుకునే చిన్న కంప్యూటరే ఈసీయూ. అందులోని ఆ లెక్కల్ని, అంటే మ్యాప్‌ని, తిరగరాయడమే రీమ్యాప్. నా బండికి ఉన్న జబ్బు చెప్పడం కష్టం, చూపించడం తేలిక. రెండో గేరులో పాతిక ముప్పై స్పీడులో వస్తూ, థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా వదిలేసి మలుపులోకి దిగుతాను. మలుపు మధ్యలో మళ్లీ కాస్త తిప్పితే అర క్షణం ఏమీ జరగదు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి ముందుకు దూకుతుంది. రోడ్డు ఖాళీగా ఉంటే సర్దుకుపోవచ్చు. ట్రాఫిక్‌లో మాత్రం నరకం. వెనక కూర్చున్న మా ఆవిడ హెల్మెట్ నా హెల్మెట్‌కి టక్కుమని కొట్టుకునేది. ఒకరోజు అలా వరసగా మూడుసార్లు తగిలాక, "ఏంటండీ, ఇప్పుడే నేర్చుకుంటున్నారా?" అంది. పంతొమ్మిదేళ్లుగా బండి నడుపుతున్నవాణ్ణి.

రెండు సిలిండర్ల ఇంజిన్, రైడ్ బై వైర్ థ్రాటిల్ (కేబుల్ కాకుండా ఈసీయూ తెరిచేది), కంపెనీ సైలెన్సరే. ఏమీ మార్చని బండి. హార్స్ పవర్ నాకు అవసరం లేదు, ఉన్నదే సగం వాడను. నాకు కావాల్సింది ఆ మొదటి రెండు మిల్లీమీటర్ల తిప్పుడు, అంతే.

జనవరి 4న రీమ్యాప్ చేసే ఇద్దరు ట్యూనర్లకి ఫోన్ చేశాను. మొదటి ఆయన బండి పేరు వినగానే, "తీసుకొచ్చేయండి, పదిహేను నిమిషాల్లో ఫైల్ వేసిస్తాం, పది హెచ్‌పీ పెరుగుతుంది" అన్నాడు. నా సమస్య ఏంటో అడగనే లేదు. అక్కడే ఆగిపోయాను. రెండో ఆయన ఎదురు ప్రశ్నలు వేశాడు. కుదుపు థ్రాటిల్ తెరిచేటప్పుడా, మూసేటప్పుడా? బండి చల్లగా ఉన్నప్పుడు కూడా వస్తుందా? ఏ గేరులో, ఎంత ఆర్‌పీఎం దగ్గర? ఆఖరి ప్రశ్న నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది: "చైన్ ఎంత లూజుగా ఉంది సార్?"

తెలియదన్నాను. "చైన్ చూపించి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, వాల్వ్ క్లియరెన్స్ చెక్ చేయించి, రెండు థ్రాటిల్ బాడీలు సింక్ చేయించుకుని రండి. అప్పటికీ కుదుపు ఉంటే నా దగ్గరికి రండి" అన్నాడు. వచ్చే డబ్బును వద్దంటున్న మనిషిని చూస్తే నమ్మకం కలిగింది. ఇంటికొచ్చి మాన్యువల్ తీశాను. నా బండికి చైన్ 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఆడాలి. స్కేలు పెట్టి కొలిస్తే 45 వచ్చింది. చక్రం తిప్పుతూ మళ్లీ కొలిస్తే ఒకచోట 28, ఇంకోచోట 45. అంటే చైన్ సమంగా సాగలేదు, బిగించినా ప్రయోజనం లేదు. చైను, రెండు పళ్ల చక్రాలు కలిపి సెట్టంతా మార్చాల్సిందే.

సామాను రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. జనవరి 19న మిగతా సర్వీస్‌తో కలిపి అంతా చేయించి బండి బయటికి తీశాను. సగం జబ్బు అక్కడే పోయింది! వదులైన చైన్ మొదట కుంగి, థ్రాటిల్ ఇవ్వగానే మళ్లీ బిగుసుకుంటుంది. ఇన్నాళ్లూ నేను తిన్న దెబ్బల్లో చాలా వరకు ఆ బిగుసుకోవడమే. ఈసీయూని తిట్టుకున్నందుకు సిగ్గేసింది. కానీ మిగిలిన సగం మిగిలే ఉంది. ఆ అర క్షణం ఖాళీ, ఆ తర్వాతి దూకుడు.

జనవరి 20న ఆ రెండో ఆయనకి మళ్లీ ఫోన్ చేశాను. సీటు కింద ఈసీయూ మీద ఒక లేబుల్ ఉంటుంది, దాని ఫోటో పంపమన్నాడు. చూడటానికి పది సెకన్ల పని. కానీ ఆ లేబుల్ బ్యాటరీ వైపు తిరిగి ఉంది, ఫోన్ దూరదు. చివరికి ఫోన్ కెమెరా ఆన్ చేసి, ఒక చిన్న అద్దం పెట్టి ఫోటో తీశాను. అక్షరాలు తిరగబడి వచ్చాయి. దాన్ని మళ్లీ తిప్పి పంపాను. ఆరు రోజులకు, 26న, జవాబొచ్చింది. నా బండిలో ఉన్న సాఫ్ట్‌వేర్ నంబరు వాళ్ల దగ్గర లేదట. పోయినేడాది సర్వీస్‌లో ఎవరో కొత్త వెర్షన్ వేసి ఉంటారు, నాకు చెప్పలేదు. వచ్చిన రోజు ముందు నా ఫైల్ చదివి, దాచి, దాని మీదే పని చేస్తానన్నాడు. అపాయింట్‌మెంట్ ఫిబ్రవరి 5.

ఇక్కడ ఒక మాట. కొన్ని ఈసీయూల నుంచి ఫైల్ బయటికి చదవడం కుదరదు, లోపలికి రాయడమే కుదురుతుంది. అలాంటి బండి మీదైతే, అసలు ఫైల్ ట్యూనర్ దగ్గర ఉందో లేదో ముందే అడగండి. వెనక్కి వెళ్లే దారి లేకుండా ముందుకు వెళ్లకండి.

ఫిబ్రవరి 5 ఉదయం తొమ్మిదిన్నరకి వెళ్లాను. ట్యాంకులో రోజూ కొట్టించే పెట్రోలే ఉండాలని ముందే చెప్పారు. మ్యాప్ ఆ పెట్రోలుకే సరిపడేలా రాస్తారు కదా, ఆ రోజు ఏదో ఖరీదైనది పోయించుకుని వెళ్లడం దండగ. ముందు వెనక టైరు చూశారు. అరిగిన టైరుతో డైనో (బండిని రోలర్ మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) ఎక్కించరు. నాది దాటింది, అంతంతమాత్రంగా.

ముందు ఫైల్ చదవడం. బ్యాటరీకి చార్జర్ తగిలించారు. హెడ్‌లైట్ ఫ్యూజు పీకేశారు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆ కరెంటు దండగగా పోయి మధ్యలో వోల్టేజి పడిపోతే కష్టం. ఓబీడీ సాకెట్‌కి (బండి కంప్యూటర్‌తో మాట్లాడే సాకెట్) వైరు, ల్యాప్‌టాప్, స్క్రీన్ మీద ఒక పచ్చ గీత. చదివేటప్పుడు ఆగిపోతే నష్టం లేదు, మళ్లీ చదవొచ్చు. రాసేటప్పుడు ఆగిపోతే ఈసీయూ ఇటుకరాయి అయిపోతుంది. ఆ ముక్క ఆయన చాలా మామూలుగా చెప్పాడు. నాకు మామూలుగా అనిపించలేదు.

చదవడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ ఫైల్ రెండు చోట్ల సేవ్ చేసి, ఒకటి పెన్ డ్రైవ్‌లో నా చేతికిచ్చాడు. అడక్కుండానే ఇచ్చాడు.

తర్వాత జరిగింది ఎవరూ చెప్పని పని: ఆక్సిజన్ సెన్సర్ విప్పడం. ఇంజిన్‌లో గాలి, పెట్రోలు మిశ్రమం ఎలా ఉందో కొలవాలంటే, కంపెనీ సెన్సర్ తీసేసి ఆ కన్నంలో ఇంకా కచ్చితంగా కొలిచే వాళ్ల వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టాలి. సైలెన్సర్ చివర పెట్టి కొలిస్తే కుదరదా అని అడిగాను. మధ్యలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించేది) ఉంది, దాన్ని దాటాక వచ్చే లెక్క తప్పుదారి పట్టిస్తుందన్నాడు. నాలుగేళ్లుగా వేడెక్కి చల్లారిన ఆ సెన్సర్ పైపుని కరుచుకుపోయింది. నూనె కొట్టారు, ఆగారు, ఇంజిన్ వేడి చేశారు, మళ్లీ నూనె. నలభై నిమిషాలు. దారాలు పాడైతే పైపు మార్చాల్సి వస్తుందని, ఆ ఖర్చు నాదేనని ముందే సంతకం పెట్టించుకున్నారు. ఆ నలభై నిమిషాలూ నేను బయట నిలబడే ఉన్నాను. 'టింగ్' అని చప్పుడొచ్చాక లోపలికెళ్లాను.

పదకొండు దాటాక బండి డైనో మీదికెక్కింది. ముందు చక్రం బిగించి, నాలుగు పక్కలా పట్టీలు లాగి కట్టారు, వెనక చక్రం రోలర్ మీద. ఎదురుగా పెద్ద ఫ్యాను. ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా పట్టేది) ఆఫ్. మొదట బండి ఉన్నది ఉన్నట్టుగా, నాలుగో గేరులో ఒక ఫుల్ థ్రాటిల్ పరుగు. సొంత బండి కదలకుండా నిలబడి అలా గొంతు చించుకుంటుంటే చూడటం బాగుండదు. పట్టీలు తెగుతాయేమో, ఇంజిన్ పేలుతుందేమో అని కడుపులో ఒకటే తిప్పడం. వెనక చక్రం దగ్గర 61 హెచ్‌పీ చూపించింది. నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక గ్రాఫులో ఒక గుంట.

కానీ అసలు పని ఫుల్ థ్రాటిల్‌లో లేదు. ఆయన సమయమంతా చిన్న గడుల్లోనే పోయింది. మ్యాప్ అంటే ఒక పట్టిక. ఒక పక్క ఆర్‌పీఎం, ఇంకో పక్క థ్రాటిల్ ఎంత తెరుచుకుంది అన్నది. డైనో బ్రేకుతో ఇంజిన్‌ని 2,500 దగ్గర కదలకుండా పట్టి, 2 శాతం థ్రాటిల్, 5 శాతం, 8 శాతం, 10 శాతం. ఒక్కో గడి దగ్గర ఆగి, మిశ్రమం చూసి, పెట్రోలు సర్ది, మళ్లీ చూసి. తర్వాత 3,000. తర్వాత 3,500. చూస్తూ చూస్తూ నిద్రొచ్చేసింది. "పది హెచ్‌పీ" అన్న మొదటాయన పదిహేను నిమిషాల్లో ఇదంతా ఎలా చేసేవాడో.

భోజనం వేళ నా కుదుపు సంగతి స్క్రీన్ మీద చూపించాడు. థ్రాటిల్ పూర్తిగా వదిలేస్తే ఈసీయూ ఇంజెక్టర్లని ఆపేస్తుంది, చుక్క పెట్రోలు పోదు. ఆదా, పొగ తక్కువ, మంచిదే. అయితే ఆ కాసేపట్లో గాలి వెళ్లే గొట్టం గోడలు ఆరిపోతాయి. మళ్లీ థ్రాటిల్ ఇవ్వగానే వచ్చిన మొదటి పెట్రోల్లో కొంత ఆ గోడల్ని తడపడానికే పోతుంది. అదే నా అర క్షణం ఖాళీ. ఆ వెంటనే పూర్తి స్పార్క్ అడ్వాన్సుతో (స్పార్క్ బాగా ముందుగా పడటం) మంట అందుకుంటుంది. అదే నా దూకుడు. ఆయన చేసింది మూడు పనులు: తక్కువ ఆర్‌పీఎంలో ఆ పెట్రోలు కోత కాస్త ఆలస్యంగా మొదలయ్యేలా పెట్టాడు, పెట్రోలు తిరిగొచ్చే క్షణంలో స్పార్క్ కొద్దిగా ఆలస్యంగా పడేలా జరిపాడు, ఆ చిన్న గడుల్లో మిశ్రమం కాస్త చిక్కన చేశాడు.

ఇక్కడ నన్నొక నిర్ణయం అడిగాడు. కంపెనీ ఆక్సిజన్ సెన్సర్ మామూలు వేగంలో మిశ్రమాన్ని పెట్రోలు సరిగ్గా మండే పాళ్ల దగ్గరే (స్వచ్ఛమైన పెట్రోలుకైతే 14.7 పాళ్ల గాలికి ఒక పాలు) పట్టి ఉంచుతుంది. దాన్ని పూర్తిగా ఆపేస్తే బండి ఇంకా మెత్తగా నడుస్తుంది, కానీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ దాని పని అది సరిగ్గా చేయలేదు. నేను ఉంచమన్నాను. ఒకే వేగంలో పోతున్నప్పుడు సెన్సర్ పనిచేస్తుంది, వదిలి పట్టే చోట్ల మాత్రం కొత్త పట్టిక చూసుకుంటుంది. చాలామంది ఆపేయించుకుంటారట. పొగ నిబంధనలు ఎక్కడైనా ఉంటాయి, వెళ్లేముందు మీకు వర్తించేవేంటో చూసుకోండి.

మూడున్నరకి కొత్త ఫైల్ చివరిసారి రాయడం మొదలుపెట్టాడు. అరవై మూడు శాతం దగ్గర పచ్చ గీత ఆగిపోయింది. పది సెకన్లు. ఇరవై. ఆయన కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. నలభై సెకన్ల తర్వాత గీత కదిలింది. "అక్కడ ఎప్పుడూ ఆగుతుంది సార్" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా నాయనా!

రాశాక కీ ఆన్ చేసి, థ్రాటిల్ ముట్టుకోకుండా కాసేపు ఆగాలి. ఈసీయూ థ్రాటిల్ సున్నా ఎక్కడుందో మళ్లీ నేర్చుకుంటుంది. ఆఖరి పరుగులో 63 హెచ్‌పీ. పెరిగింది రెండు. గుంట మాత్రం దాదాపు పూడిపోయింది. బండి కిందికి దింపేసరికి డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు, ట్రాక్షన్ లైటు రెండూ వెలుగుతున్నాయి. గుండె జారింది. ముందు చక్రం కదలకుండా వెనకది అంతసేపు తిరిగితే అది అయోమయపడుతుందని, కాస్త నడిపితే పోతుందని చెప్పారు. నిజంగానే ఒకసారి కీ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, అర కిలోమీటరు వెళ్లేసరికి ఆరిపోయాయి. బయటపడేసరికి ఐదుంబావు.

ఇంటిదారిలో ఆనందం చెప్పలేను. చెయ్యి కదిపితే చాలు, బండి సిద్ధం. ఆ రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేసి అరగంట వాయించాను.

మర్నాటి నుంచి అసలు సంగతి బయటపడింది. ఆ చురుకుదనమే ట్రాఫిక్‌లో నా పాలిట శాపమైంది. స్పీడ్ బ్రేకర్ మీద చెయ్యి కాస్త అదిరినా బండి ముందుకు లంఘిస్తోంది. వాన పడ్డ రోజున మొదటి గేరులో వెనక చక్రం జారబోయింది, ట్రాక్షన్ కంట్రోల్ పట్టుకుంది. అర క్షణం ఖాళీ పోయింది, నిజమే. ఆ స్థానంలో ఇంకో కుదుపు వచ్చింది. మా ఆవిడ రెండో రోజే దిగిపోయి, "ముందే నయం" అంది. ఇంత ఖర్చుపెట్టాక ఆ మాట వినడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు బాగుందనే నాకు నేను చెప్పుకున్నాను. ఐదో రోజు ఒప్పుకున్నాను.

ఫోన్ చేస్తే ఆయనకి వెంటనే అర్థమైంది. రైడ్ బై వైర్‌లో మన చేతికి, లోపల గాలిని వదిలే బటర్‌ఫ్లైకి మధ్య ఇంకో పట్టిక ఉంటుంది. కంపెనీ మొదటి రెండు గేర్లలో దాన్ని బాగా నెమ్మదిగా పెడుతుంది. ఈయన అన్ని గేర్లకీ సమానం చేసి, మొదట్లో కొంచెం ఎత్తు కూడా పెట్టాడు. "టెస్ట్ రైడ్‌లో అందరికీ అదే నచ్చుతుంది సార్" అన్నాడు. నచ్చిందే మరి, నాకూ నచ్చింది. చురుగ్గా ఉండటం, మెత్తగా ఉండటం ఒకటే అనుకుని నేను అడిగింది కూడా తప్పే. "థ్రాటిల్ రెస్పాన్స్ బాగుండాలి" అన్నాను. బాగుండటమంటే ఏంటో ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి 22న రెండోసారి వెళ్లాను. ఈసారి డైనో లేదు, సెన్సర్ విప్పేది లేదు. పెట్రోలు, స్పార్క్ పట్టికలు ముట్టుకోలేదు. చేతి పట్టిక మాత్రం మార్చాడు: మొదటి రెండు గేర్లలో మొదటి ఐదారు శాతం తిప్పుడు బాగా నెమ్మది, అక్కడి నుంచి సాఫీగా ఎక్కుతుంది, మూడో గేరు నుంచి పాతదే. రాసి, నన్ను బయట ఒక చుట్టు తిప్పి రమ్మన్నాడు. మొదటిసారి ఇంకా కొంచెం గట్టిగా ఉందన్నాను. మళ్లీ రాశాడు. రెండోసారి సరిపోయింది. గంటా ఇరవై నిమిషాలు. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు, నెలలోపు సర్దుబాట్లు మొదటి బిల్లులోనే ఉన్నాయట. ఇది మాత్రం ముందే రాయించుకోండి.

ఖర్చు సంగతి. మ్యాప్ బిల్లు ఒక జత మంచి టైర్లంత అయింది. అందులో సగానికి పైగా డైనో గంటలే. చైన్ సెట్టు, సర్వీసు కలిపితే దాదాపు ఇంకో అంత. లెక్కలోకి తీసుకోనిది ఇంకోటుంది, రెండు రోజుల సెలవు. మైలేజీ లీటరుకి 24 ఉండేది, ఇప్పుడు 23. పొల్యూషన్ పరీక్ష చేయిస్తే పాసైంది. బీమా కంపెనీకి ముందే మెయిల్ పెట్టాను. తొమ్మిది రోజులకు, ఇంజిన్ సెట్టింగ్ మార్పుగా నమోదు చేసుకున్నామని జవాబిచ్చారు. వారంటీ నాకు అప్పటికే అయిపోయింది కాబట్టి దిగులు లేదు. మీకు ఉంటే ఆలోచించుకోండి, ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టుకునే ఈసీయూలు ఉన్నాయి, పాత ఫైల్ తిరిగి వేసినా ఆ లెక్క చెరగదు.

ఇది రాసేనాటికి మూడు వారాలు, తొమ్మిది వందల కిలోమీటర్లు. చలి పొద్దున స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం ఐడిల్ (థ్రాటిల్ ఇవ్వకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఒకటి రెండుసార్లు ఊగుతుంది. ఇంతకుముందు అలా లేదు. వేడెక్కాక మామూలే. పోయిన ఆదివారం మా ఆవిడతో నలభై కిలోమీటర్లు వెళ్లొచ్చాను. ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నేనే ఉండబట్టలేక బండి ఎలా ఉందని అడిగితే, "ఏం, ఏమైంది బండికి?" అంది.

నిన్న సర్వీస్‌కిచ్చాను. సర్వీస్ సెంటర్‌లో ఎవరైనా అలవాటుగా కొత్త సాఫ్ట్‌వేర్ వేశారంటే నా ఏడు వారాలూ ఐదు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోతాయి. అందుకని పెన్ డ్రైవ్‌లో కొత్త ఫైల్ కూడా వేయించి ఉంచుకున్నాను. జాబ్ కార్డు మీద "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వద్దు" అని రాయించాను. అది చాలదనిపించి, ఒక కాగితం మీద అదే పెద్ద అక్షరాలతో రాసి ట్యాంకు మీద టేపు వేసి అంటించాను. రేపు సాయంత్రం బండి ఇస్తామన్నారు.